ఇంటి చుట్టూ ఒక బార ఖాళీ
అడవి అంచు గ్రామాలకు వేసవి అగ్ని జాగ్రత్తలు, సహాయ వివరాలు

గ్రామసభ ప్రసంగ పాఠం, 2025 ఫిబ్రవరి

ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి వాట్సాప్ గ్రూపులో, మహిళా సంఘాల గ్రూపుల్లో పంచుకోండి. చదవడం రాని పెద్దలకు ఎవరైనా చదివి వినిపించండి.



నన్ను ఇక్కడికి పిలిచింది పథకాల గురించి చెప్పమని. చెప్తాను. ఇల్లు కాలితే సర్కారు ఏమిస్తుంది, ఎంత ఇస్తుంది, ఏ కాగితం ఎవరికి ఇవ్వాలి, అన్నీ చివర్లో లెక్కలతో సహా చెప్తాను. కానీ దానికంటే ముందు ఇంకో మాట చెప్పాలి. ఆ సహాయం ఎంత వచ్చినా కాలిన ఇంటికి సరిపోదు. ఈ మాట నేను సమాచార శాఖ అధికారిగా చెప్తున్నది కాదు, మా ఇంట్లో జరిగింది కాబట్టి చెప్తున్నా.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా నాయనమ్మ ఇల్లు కాలిపోయింది. మట్టి గోడలు, ముందు వసారాకు గూనపెంకులు, వెనక భాగం గడ్డికప్పు. ఎండాకాలం మధ్యాహ్నం. ఊరవతల ఎవరో గట్టు మీది గడ్డికి నిప్పు పెట్టారు. మంట మా ఇంటిదాకా రానేలేదు. దారి అవతలే ఆగింది. గాలికి లేచిన నిప్పురవ్వ వచ్చి ఇంటి వెనక గోడకు ఆనించి వేసిన గడ్డివామి మీద పడింది. వామి నుంచి కప్పుకు, కప్పు నుంచి లోపల ఉన్న పత్తికి. బావి దగ్గర నుంచి జనం బిందెలతో వచ్చేసరికి దూలాలు కూలిపోయాయి. నాయనమ్మ బయట ఉంది కాబట్టి బతికింది. ఆవు బతికింది, దూడ పోయింది.

తర్వాత నేను జర్నలిజం చదివాను. ఈ ఉద్యోగానికి ముందు కొన్నేళ్లు విలేకరిగా పనిచేశాను. ఎండాకాలం వస్తే ఇళ్లు కాలిన వార్తలు ఎన్ని రాశానో లెక్క లేదు. 'ఇన్ని ఇళ్లు దగ్ధం, ఇంత ఆస్తి నష్టం' అని రాసేవాణ్ని. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. ఆ వార్తల్లో ఒక్కదాంట్లో కూడా గడ్డివామి ఇంటికి ఎన్ని అడుగుల దూరంలో ఉందో నేను రాయలేదు. రాయాల్సిన మొదటి లెక్క అదే.

మంట కాదు, రవ్వ

2025 జనవరిలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో వచ్చిన మంటలు మీరంతా ఫోన్లలో చూసి ఉంటారు. జనవరి 7న మొదలయ్యాయి. 16 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. ఆ ఫొటోల్లో ఒక వింత కనిపించింది. ఇళ్లు బూడిదయ్యాయి, పక్కనే చెట్లు పచ్చగా నిలబడి ఉన్నాయి. 'ఇదేందిరా, చెట్టు కాలకుండ ఇల్లెట్ల కాలింది' అని చాలామంది అడిగారు.

జవాబు మా నాయనమ్మ ఇంట్లో ఉంది. మంట గోడలాగా వచ్చి ఇంటిని మింగడం తక్కువ. రవ్వలు ముందు వస్తాయి. ఇంటిని ఆనుకొని ఎండుది ఏముందో దాన్ని పట్టుకుంటాయి. అది కాలి, ఆ వేడికి ఇల్లు కాలుతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన జాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త దీని మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. అడవి మంటకు ఇల్లు అంటుకోవడమా, నిలవడమా అనేది ఎక్కువగా ఆ ఇంటి మీద, దాని చుట్టూ 100 అడుగుల లోపు ఉన్నదాని మీద ఆధారపడుతుందని తేల్చారు. కాలిఫోర్నియాలో దీనికి చట్టమే ఉంది. అడవుల దగ్గర ఇల్లు ఉన్నవాళ్లు చుట్టూ 100 అడుగుల వరకు, లేదా తమ హద్దు వరకు, శుభ్రం చేసి ఉంచాలి.

మన నల్లమలకూ వాళ్ల అడవికీ తేడా ఉంది. అది మనకు మేలు చేసే తేడా. మనది ఆకురాల్చే అడవి. ఇక్కడ మంట ఎక్కువగా నేల మీద పాకుతుంది. రాలిన ఆకు, ఎండిన గడ్డి, ఇవే దాని తిండి. చెట్ల కొనల మీద పరుగెత్తే మంట మన దగ్గర అరుదు. నేల మంటకు దారిలో తిండి దొరక్కపోతే అక్కడే చల్లారుతుంది. అందుకే అటవీ శాఖ వాళ్లు ఎండాకాలానికి ముందు ఫైర్ లైన్లు తీస్తారు. అడవికి వాళ్లు గీసే గీత అది. ఇంటికి గీత మనం గీసుకోవాలి.

సర్కారు దగ్గర శాటిలైట్ ఉంది కదా అని కొందరంటారు. ఉంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా శాటిలైట్ చూసిన మంటల సమాచారాన్ని అటవీ సిబ్బంది ఫోన్లకు పంపుతుంది. మన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కూడా, షాద్‌నగర్‌లో ఉన్న దాని స్టేషన్ ద్వారా, ఈ పని చేస్తుంది. కానీ ఆ శాటిలైట్ కంటికి 375 మీటర్ల పొడవు, 375 మీటర్ల వెడల్పు ఉన్న నేల ఒక చుక్క. ఒక గూడెం మొత్తం ఒక చుక్కలో పడుతుంది. అడవిలో మంట ఉందని అది చెప్తుంది. మీ ఇంటి వెనక కట్టెల మోపు ఉందని చెప్పదు. అది మీ కంటికే కనపడాలి.

మూడు కొలతలు: ఒకటి, ఐదు, పదహారు

అడుగులు, మీటర్లు గుర్తు పెట్టుకోనక్కర్లేదు. రెండు చేతులూ చాపితే ఒక బార, అంటే దాదాపు ఆరు అడుగులు. ఒక బార, ఐదు బారలు, పదహారు బారలు. ఈ మూడే గుర్తు పెట్టుకోండి.

మొదటి కొలత: గోడ నుంచి ఒక బార. ఇక్కడ కాలేది ఏదీ ఉండకూడదు. అక్కలకు ఇది కొత్త పని కాదు. పొద్దున్నే వాకిలి ఊడ్చి సాన్పి చల్లుతారు కదా, ఆ నేల మీద రవ్వ పడితే ఏమవుతుంది? ఏమీ కాదు. చల్లారిపోతుంది. ఇంటి ముందు మనం రోజూ చేస్తున్నది అదే. కానీ ఇంటి వెనకకు పోయి చూడండి. కట్టెలు, పిడకలు, పాత తడకలు, పత్తి కట్టె, ఎరువుల ఖాళీ సంచులు, పనికిరాని మంచం, అన్నీ గోడకే ఆనించి ఉంటాయి. నిప్పు దేవుడు ముందు వాకిట్లోంచే వస్తాడని మనకేమీ మాట ఇవ్వలేదు. నాలుగు వైపులా వాకిలి లాగే ఉండాలి. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాటలో ఉంది.

ఈ బార లోపల ప్రత్యేకంగా చూడాల్సినవి నాలుగున్నాయి.

ఒకటి, పందిరి. ఎండాకాలం రాగానే తాటాకులతో, కొమ్మలతో ఇంటి చూరుకు కలిపి పందిరి వేస్తాం. వేసిన పది రోజులకు అది ఎండి కాగితంలా అవుతుంది. సరిగ్గా మంటల కాలంలో సరిగ్గా చూరు కింద. పందిరి వద్దు అనడం లేదు, ఎండకు నీడ కావాలి. చూరుకు కలపకుండా ఒక బార దూరంలో విడిగా వేసుకోండి. ఇంటికి కలిపే తీరాలంటే రేకు వేయండి.

రెండు, కంప. దొడ్డి చుట్టూ ముళ్లకంప వేసి ఆ కంపను తెచ్చి గోడకు కలుపుతాం. దీపానికి వత్తి ఎలాగో ఇంటికి ఆ కంప అలాగ. అవతలి చివర అంటుకుంటే నిప్పు నేరుగా గోడకు నడిచి వస్తుంది. చివరి బార కంప తీసేసి అక్కడ రాళ్లు పేర్చండి, లేదా మట్టి కట్ట పోయండి.

మూడు, పైకప్పు. పెంకుల సందుల్లో, రేకుల మడతల్లో, చూరు కింద ఎండాకులు, పిట్టగూళ్ల గడ్డి చేరి ఉంటుంది. నిచ్చెన వేసుకొని దులపండి. గడ్డికప్పు ఉన్నవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం. కప్పు మీద మట్టి పూత వేస్తే రవ్వ తొందరగా పట్టుకోదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దీని మీద పనిచేసింది, మట్టిలో తారు కలిపి గడ్డికప్పుకు పూత వేసే పద్ధతి తెచ్చింది. అంత చేయలేకపోతే కనీసం అడవి వైపు ఉన్న చూరు అంచు రెండు మూర్ల మేర మట్టి మెత్తండి.

నాలుగు, పత్తి. ధర వస్తుందని పత్తిని ఇంట్లోనే ఆపుకుంటున్నాం. ఆపుకోండి, మీ ఇష్టం. కిటికీ పక్కన, తలుపు పక్కన మాత్రం పోయొద్దు. డీజిల్ డబ్బా, పురుగుమందు డబ్బాలు అదే గదిలో పెట్టొద్దు.

రెండో కొలత: ఐదు బారలు. అంటే 30 అడుగులు. గడ్డివామి, కట్టెల మోపు, పిడకల గూడు ఈ గీత బయట ఉండాలి. లోపల గడ్డి ఉంటే బెత్తెడు కంటే పెరగనీయకుండా కోసి పశువులకు వేయండి. వేప, చింత లాంటి చెట్లు ఉండొచ్చు, కొట్టేయమని ఎవరూ చెప్పడం లేదు. ఇంటి మీదికి వంగిన ఎండు కొమ్మలు తీసేయండి, కింద ఆకు ఊడ్చండి. కరెంటు తీగల కింద వామి అసలు వేయొద్దు. తీగలు సాగి వేలాడుతుంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి.

మూడో కొలత: పదహారు బారలు. దాదాపు 100 అడుగులు. ఇక్కడ అంతా చెక్కేయాల్సిన పని లేదు. మంట పెద్దది కాకుండా చూస్తే చాలు. ఎండిపోయిన పొదలు తీయాలి, చెట్లకు నేల నుంచి ఒక బార ఎత్తు వరకు ఎండు కొమ్మలు తీయాలి. కింది గడ్డి మంట కొమ్మలు పట్టుకొని పైకి ఎక్కకుండా. ఇల్లు గుట్ట వాలు మీద ఉన్నవాళ్లు కింది వైపు ఇంకా ఎక్కువ శుభ్రం చేయాలి. మంట దిగేటప్పుడు నెమ్మది, ఎక్కేటప్పుడు ఉరుకుతుంది. వాలు 10 డిగ్రీలు పెరిగితే దాని వేగం దాదాపు రెట్టింపు అవుతుంది.

ఒక హెచ్చరిక. పదహారు బారల్లో రిజర్వు ఫారెస్టు హద్దు వస్తే హద్దు దాటి ఒక్క కొమ్మ కూడా కొట్టొద్దు. మనది అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచు. కేసవుతుంది. ఆ వైపు ఆకు, గడ్డి ఎక్కువ ఉంటే బీట్ ఆఫీసర్ గారికి చెప్పండి, పంచాయతీ కార్యదర్శి ద్వారా కాగితం పెట్టండి. ఫైర్ లైన్ అటు నుంచి తీయించే ప్రయత్నం చేస్తారు.

ఊడ్చిన ఆకును ఏం చేయాలి?

ఇది అడక్కపోతే నేను చెప్పిందంతా ఎదురు తిరుగుతుంది. ఊడ్చిన చెత్తను కుప్ప చేసి అగ్గిపుల్ల గీయడం మనకు అలవాటు. ఇంటిని కాపాడుకుందామని ఊడ్చి ఆ కుప్పతోనే అడవిని అంటిస్తే ఏం లాభం? ఆకును గుంతలో వేసి పేడనీళ్లు చల్లి మట్టి కప్పండి. వానాకాలానికి ఎరువు తయారవుతుంది. ఉపాధి హామీలో కంపోస్టు గుంతలు తవ్వించుకోవచ్చు, ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడగండి.

అడవి మంటలు ఎలా మొదలవుతాయో ఇక్కడున్న పెద్దలకు నాకంటే బాగా తెలుసు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. తునికాకు చిగురు బాగా వస్తుందని పొదలకు నిప్పు పెడతారు. కొత్త గడ్డి మొలుస్తుందని బీడుకు పెడతారు. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే భక్తులు వంట చేసుకొని పొయ్యి ఆర్పకుండా పోతారు. దారినపోయేవాడు బీడీ ముక్క పారేస్తాడు. ఎవరిదీ ఊరు తగలబెట్టాలనే ఉద్దేశం కాదు. కానీ వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 30 ప్రకారం అభయారణ్యంలో నిప్పు పెట్టడమే కాదు, నిప్పు రాజేయడం, ఆర్పకుండా వదిలిపోవడం కూడా నేరమే. ఇప్పపువ్వు కోసం చెట్టు కింద పాత చీరలు, నెట్ పరవండి. పువ్వు శుభ్రంగా దొరుకుతుంది, మసి అంటదు.

'మాకు జాగా ఏది సార్?'

ఈ విషయం ఏ ఊర్లో చెప్పినా మూడు ప్రశ్నలు వస్తున్నాయి. మీరూ అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా.

'ఇల్లు ఇల్లు ఆనుకొని ఉన్నయి, ఐదు బారలు ఎక్కడినుంచి తేవాలె?' నిజమే. అలాంటి చోట ఐదారు ఇళ్లను ఒకే ఇల్లు అనుకోండి. ఆ ఇళ్లన్నిటి చుట్టూ ఒకే గీత. మధ్యలో సందుల్లో మాత్రం ఎండుది ఏదీ పెట్టొద్దు. ఒక్కరు వినకపోతే మిగతా ఐదుగురి కష్టం పోతుంది. వినని ఇంటికి సంఘం అక్కలు పోయి చెప్తే నాలుగు నోటీసులకంటే బాగా పనిచేస్తుంది.

'వామి దూరం పెడితే రాత్రి ఎవరన్న గడ్డి పట్టుకపోతరు.' పట్టుకపోతే రెండు మోపులు పోతాయి. గోడకు ఆనిస్తే ఇల్లు పోతుంది. నలుగురు కలిసి ఒకే చోట ఊరవతల వామిలు వేసుకోండి, వామికి వామికి మధ్య ఎడం ఉంచండి, ఒకరికొకరు కాపలా.

'ముసలోళ్లం, మాతోని ఏమైతది?' ఈ ప్రశ్న అడిగినవాళ్లను చూస్తే నాకు మా నాయనమ్మే గుర్తొస్తుంది. ఆమె ఒక్కతే ఉండేది. ఆ వామిని జరపడం ఆమెతో అయ్యే పని కాదు. జరపాల్సినవాళ్లం మేము. ఒంటరి పెద్దల ఇళ్లు, వితంతువుల ఇళ్లు, దివ్యాంగుల ఇళ్లు ఊరి యువకులు ముందు పూర్తి చేయాలి. ఒక్కో ఇంటికి నలుగురు పట్టుకుంటే ఒక పూట పని. శివరాత్రి లోపల మొదటి విడత చేయండి. ఆకు ఒక్కసారి రాలి ఆగదు కాబట్టి ఉగాదికి మళ్లీ ఒకసారి, తర్వాత మే చివరిదాకా వారానికోసారి ఊడ్చాలి.

మంట కనిపిస్తే

ముందు 101కి ఫోన్ చేయండి. దొరక్కపోతే 112. ఊరి పేరు, మండలం, దగ్గర్లో ఉన్న గుర్తు, ఫైరింజన్ ఏ దారిలో రావాలో చెప్పండి. మన ఊళ్లకు ఫైర్ స్టేషన్ దూరం. బండి వచ్చేలోపు సమయమంతా మీదే. అందుకే ఇంటి దగ్గర ఒక డ్రమ్ము నీళ్లు, రెండు బకెట్లు, నాలుగు గోనెసంచులు, ఒక నిచ్చెన ఎండాకాలమంతా సిద్ధంగా ఉంచాలి. తడి గోనెసంచితో, పచ్చి కొమ్మతో కొట్టి ఆర్పగలిగేది మోకాలెత్తు మంటను మాత్రమే. అంతకంటే పెద్దదైతే ఎదురు పోవద్దు.

పశువుల తాళ్లు ముందు విప్పండి. ఎండాకాలం గట్టి ముడి వేయకండి, లాగితే ఊడే ముడి వేయండి. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, వీలైతే బయటికి జరపండి. నూలు బట్టలు వేసుకోండి. నైలాన్, పాలిస్టర్ ఒంటికి అతుక్కొని కాలుతుంది. ముక్కుకు తడి గుడ్డ కట్టుకోండి. దున్నిన చేను, ఎండిన చెరువు నేల, తారు రోడ్డు, వీటిలో ఒకటి ముందే అనుకొని పిల్లలకు చూపించి పెట్టండి. గుట్ట పైకి మాత్రం ఉరకొద్దు. పోయినదాని కోసం మళ్లీ లోపలికి పోవద్దు.

కాలిన గాయానికి మంచి నీళ్లు 20 నిమిషాలు పోయాలి. పేస్టు, సిరా, పసుపు, ఏదీ రాయొద్దు. 108కి ఫోన్ చేయండి. కాలిన గాయాలకు ఆరోగ్యశ్రీలో వైద్యం ఉంది.

ఇక సర్కారు సహాయం

అగ్నిప్రమాదం కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో ఉంది. రాష్ట్ర విపత్తు స్పందన నిధి కింద 2022 నుంచి 2026 వరకు అమల్లో ఉన్న లెక్కలు ఇవి.

• మనిషి చనిపోతే కుటుంబానికి 4 లక్షలు.
• గాయపడి వారం కంటే ఎక్కువ ఆస్పత్రిలో ఉంటే 16,000, వారం లోపైతే 5,400.
• ఇల్లు పూర్తిగా పోతే మైదాన ప్రాంతంలో 1,20,000, కొండ ప్రాంతంలో 1,30,000.
• కొంత భాగం దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000.
• గుడిసె కాలితే 8,000.
• ఇంటికి ఆనుకొని ఉన్న పశువుల కొట్టం కాలితే 3,000.
• ఇల్లు పూర్తిగా పోయిన కుటుంబానికి బట్టలకు 2,500, గిన్నెలు, సామాన్లకు 2,500.
• పాడి ఆవు, బర్రెకు 37,500. ఎద్దుకు 32,000. దూడకు 20,000. మేక, గొర్రెకు 4,000. ఎన్ని పశువుల వరకు ఇస్తారన్నదానికి పరిమితి ఉంది.

ఈ జాబితాలో రెండు లైన్లు మళ్లీ చదవండి. పూర్తిగా పోయిన ఇంటికి 1,20,000. గుడిసెకు 8,000. రెండూ పూర్తిగా కాలినవే. తేడా అంతా పంచనామాలో రాసే ఒక్క మాటలో ఉంది. నిబంధన ప్రకారం గుడిసె అంటే కచ్చా ఇంటి కంటే తక్కువది, గడ్డి, మట్టి, ప్లాస్టిక్ షీట్లతో తాత్కాలికంగా వేసుకున్నది. మట్టి గోడలు, దూలాలు, పెంకులు ఉన్న ఇల్లు గుడిసె కాదు.

మా నాయనమ్మ ఇంటి విషయంలో జరిగింది ఇదే. అప్పటి మొత్తాలు వేరు, కానీ తేడా అప్పుడూ ఉంది. వచ్చి చూసిన ఉద్యోగికి కనిపించింది బూడిద, సగం కూలిన మట్టి గోడ. 'గుడిసె' అని రాసుకొని పోయారు. అది ఇల్లు అని చెప్పడానికి మా దగ్గర ఒక్క ఫొటో లేదు, ఇంటి పన్ను రశీదు లోపలే కాలిపోయింది. మా నాయన ఆఫీసు చుట్టూ ఎన్ని రోజులు తిరిగినా రాసింది మారలేదు. ఆయన్ను తప్పుబట్టి ఇప్పుడు లాభం లేదు. రుజువు ఉంటే ఆయనకూ అలా రాయడం కుదిరేది కాదు.

అందుకే ఈ రోజు ఇంటికి పోగానే చేయాల్సిన మొదటి పని ఇది. ఫోన్ తీసి ఇంటికి నాలుగు వైపులా ఫొటో తీయండి. ఇంటి నంబరు కనపడాలి, గోడలు, కప్పు కనపడాలి, ఇంటివాళ్లు ముందు నిలబడాలి. లోపల సామాన్లు, కొట్టంలో పశువులు కూడా తీయండి. ఆ ఫొటోలు వేరే ఊర్లో ఉన్న కొడుక్కో బిడ్డకో వాట్సాప్‌లో పంపండి. ఫోన్ కాలినా ఫొటో ఉంటుంది. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు బుక్కు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పన్ను రశీదు జిరాక్సులు ఒక సెట్టు చుట్టాల ఇంట్లో పెట్టండి.

ప్రమాదం జరిగితే వరుసగా ఇవి చేయండి. పోలీస్ స్టేషన్‌లో, తహసీల్దార్ ఆఫీసులో అదే రోజు లేదా మర్నాడు దరఖాస్తు ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. ఫైరింజన్ వస్తే ఆ స్టేషన్ నుంచి ధ్రువపత్రం అడగండి. పశువులు చనిపోతే పశువైద్యాధికారి చూసి రాసేవరకు పూడ్చొద్దు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ పంచనామాకు వచ్చినప్పుడు ఫొటోలు చూపించండి, రాసింది చదివించుకొని, సరిగ్గా ఉంటేనే సంతకం పెట్టండి. చదవడం రాకపోతే కార్యదర్శిని పక్కన ఉండమనండి. తేడా అనిపిస్తే సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి కాగితం ఇవ్వండి.

ఇక గడ్డికప్పు ఇళ్ల నుంచి బయటపడే దారి ఇందిరమ్మ ఇల్లు. సొంత జాగా ఉన్న అర్హులకు 5 లక్షలు, పని జరిగినకొద్దీ విడతలుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. దరఖాస్తు ఏ దశలో ఉందో ఇందిరమ్మ కమిటీని, కార్యదర్శిని అడగండి. పెంటల్లో ఉన్న చెంచు కుటుంబాలు మన్ననూరు ఐటీడీఏలో కూడా అడగొచ్చు. పేరు రాయిస్తామని, బిల్లు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వొద్దు.

కానీ ఆ స్లాబు పడేదాకా ఈ ఎండాకాలం మీరు ఉండేది ఇప్పుడున్న ఇంట్లోనే. దానికి ఏ దరఖాస్తూ అక్కర్లేదు, ఏ జాబితాలోనూ పేరు ఉండక్కర్లేదు. ఒక గొడ్డలి, ఒక పార, ఒక చీపురు, ఒక పూట చాలు.

సభ అయిపోయాక అందరం ఇక్కడి నుంచి మూడు ఇళ్లకు పోదాం. ఒంటరిగా ఉన్న పెద్దల ఇళ్ల పేర్లు కార్యదర్శి గారి దగ్గర రాసి ఉన్నాయి. వామి జరపడానికి నేనూ వస్తాను. మా నాయనమ్మ ఇంటికి చేయలేని పని అది.

గుర్తు పెట్టుకోండి

• గోడ నుంచి 1 బార: కాలేది ఏదీ వద్దు. నాలుగు వైపులా వాకిలి లాగే.
• 5 బారలు: వామి, కట్టెలు, పిడకలు ఈ గీత బయటే.
• 16 బారలు: ఎండు పొదలు, కింది కొమ్మలు తీయాలి. అడవి హద్దు దాటొద్దు.
• ఊడ్చిన ఆకు గుంతలోకి. నిప్పు పెట్టొద్దు.
• ఇంటి ఫొటోలు ఈ రోజే తీసి వేరే ఊరికి పంపాలి.
• అగ్నిమాపక కేంద్రం 101, అత్యవసరం 112, అంబులెన్స్ 108, కరెంటు 1912.